చేతులకు గుర్తున్న ఆట

కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం జిల్లా మండికల్‌లో ఇద్దరు అన్నదమ్ములు మాట్లాడుకుంటున్నారని అనుకుందాం. చిన్నప్పుడు బెంగళూరులో చుట్టాలింటికి పోయినప్పుడు ఒక మాల్‌లో ఆడిన ఆట గురించి మాట.

"అన్నా, ఆ ఆట పేరేమి? పాట వస్తుంటే చేతులాడించేది."

"పేరు యాడ గుర్తుంటుందిరా! పాట మాత్రం శానా జోరుగా పోతుండె. గాల్లో చేతులు ఊపుతా ఉంటిమి."

"బటన్లు ఉండెనా?"

"లేవనుకుంటా. చూపిస్తే మాత్రం ఇట్టే చెప్పేస్తా."

ఈ అన్నదమ్ములు ఊహే. ఇలాంటి మాటలు మాత్రం ఇరవై ఏళ్ళ కిందట ఆటగదుల్లో నాణెమో కార్డో వేసి ఆడినవాళ్ళెవరి మధ్యనైనా సాగగలవు. పేరు పోయింది, తయారుచేసిన కంపెనీ ఏదో అప్పుడే తెలియదు, ఫొటో లేదు. మిగిలింది ఒక వేగం, ఒక చేతి కదలిక, "చూస్తే చెప్పేస్తా" అన్న ధీమా. ఇంత కొంచెంతో ఆటను పట్టుకోవచ్చా? పట్టుకోవచ్చు. పోయిన పేరు కోసం తంటాలు పడడం మానేసి, చేతులు దాచుకున్న సంగతులను పద్ధతిగా అడిగి రాబట్టాలి. మనసు దేన్ని గట్టిగా పట్టుకుంటుందో, దేన్ని జారవిడుస్తుందో ఈ వందేళ్ళలో జరిగిన ప్రయోగాలు బాగానే చెప్పాయి. ఆ క్రమంలోనే వెతకాలి.

పేరు ముందు ఎందుకు పోతుంది

1966లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు రోజర్ బ్రౌన్, డేవిడ్ మెక్‌నీల్ ఒక చిన్న ప్రయోగం చేశారు. అరుదైన మాటల అర్థాలు చదివి వినిపించి, ఆ మాట ఏమిటో చెప్పమన్నారు. కొందరికి మాట నాలుక చివరనే ఉండి బయటికి రాలేదు. అలా ఇరుక్కున్నవాళ్ళను అది ఏ అక్షరంతో మొదలవుతుంది, పలకడానికి ఎంత పొడుగుంటుంది అని అడిగితే, ఊరికే ఊహించి చెప్పేదానికన్నా చాలా ఎక్కువసార్లు సరిగ్గా చెప్పారు. పేరు మొత్తంగా చెరిగిపోదు, దాని ఆకారం ముక్కలుగా మిగులుతుంది. కాబట్టి "పేరు చెప్పు" అని నిలదీయకుండా "పేరు పొట్టిదా పొడుగుదా? ఇంగ్లీషు అక్షరాలా, మనకు తెలియని లిపా?" అని అడిగితే ఏదో ఒకటి చేతికొస్తుంది.

"చూస్తే చెప్పేస్తా" అన్న ధీమాకూ ఆధారం ఉంది. 1973లో లయొనెల్ స్టాండింగ్ కొందరికి 10,000 దాకా చిత్రాలు చూపించాడు. ఒక్కో చిత్రానికి దొరికింది కొన్ని క్షణాలే. తర్వాత రెండేసి చిత్రాలు పక్కపక్కన పెట్టి, ఇంతకుముందు చూసింది ఏదో చెప్పమంటే, నూటికి 80కి పైగా సరిగ్గా పట్టుకున్నారు. తలచుకుని చెప్పడం కష్టం, ఎదుట పెడితే గుర్తుపట్టడం తేలిక. రెండింటికీ మెదడులో జరిగే పని వేరు.

ఆర్కేడ్ ఆటల విషయంలో పేరును నమ్మకూడదనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఒకే ఆట ఒక్కో దేశంలో ఒక్కో పేరుతో తిరిగింది. జపాన్ కంపెనీ కొనామి 1997 డిసెంబర్లో తెచ్చిన 'బీట్‌మేనియా' అమెరికా చేరేసరికి 'హిప్‌హాప్‌మేనియా' అయింది. 1998లో వచ్చిన 'డాన్స్ డాన్స్ రెవల్యూషన్' ఐరోపాలో 'డాన్సింగ్ స్టేజ్'. 'డ్రమ్‌మేనియా' జపాన్ దాటాక 'పర్కషన్ ఫ్రీక్స్'. కాబట్టి ఇద్దరు మిత్రులు రెండు పేర్లు చెప్పి పంతం పట్టినా, ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు.

చేతి జ్ఞాపకం

1953లో మూర్ఛ వ్యాధి తగ్గించడానికి హెన్రీ మొలాయిసన్ అనే అమెరికా యువకుడి మెదడులో రెండు వైపులా హిప్పొకాంపస్ భాగాలను చాలావరకు తీసేశారు. ఆ తర్వాత అతనికి కొత్త సంగతులు గుర్తుండడం ఆగిపోయింది. శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ అతని చేత ఒక పని చేయించింది. అద్దంలో మాత్రమే చూసుకుంటూ నక్షత్రం గీత మీద పెన్సిల్ నడపాలి. మూడు రోజుల్లో అతని చెయ్యి నేర్చుకుంది, తప్పులు బాగా తగ్గాయి. అయినా ప్రతి రోజూ ఆ పని కొత్తగా చూస్తున్నట్టే అతనికి తోచింది. "ఇది చేశాను" అన్న సంగతి ఒక చోట, "ఇది ఎలా చేయాలి" అన్న నేర్పు ఇంకో చోట దాగుతాయని ఆ పెన్సిల్ గీతలు తేల్చాయి.

1987లో మేరీ జో నిస్సెన్, పీటర్ బులెమర్ చేసిన ప్రయోగం మన విషయానికి ఇంకా దగ్గర. తెర మీద నాలుగు చోట్లలో ఎక్కడో ఒక చోట వెలుగు వస్తుంది, దాని కింది మీట వెంటనే నొక్కాలి. వెలుగులు పదేసి చొప్పున ఒకే వరసలో తిరిగి తిరిగి వచ్చేవి, ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. పోనుపోను వేళ్ళు వేగం అందుకున్నాయి. జ్ఞాపకశక్తి తీవ్రంగా దెబ్బతిన్న కోర్సకోఫ్ రోగుల వేళ్ళు కూడా ఆ వరస నేర్చుకున్నాయి. వరస ఒకటి ఉందన్న సంగతే వాళ్ళకు తెలియదు. పాట తీసేసిన లయ ఆట అంటే దాదాపు ఇదే.

మన వైపు కోలాటం ఆడినవాళ్ళకు ఇది విప్పి చెప్పనక్కరలేదు. ఊళ్ళో పదేళ్ళ కిందట నేర్చిన కోపు చెప్పమంటే నోట మాట రాదు. చేతికి కోలలిచ్చి, ఎదుట మనిషిని నిలబెట్టి, పాట ఎత్తుకుంటే రెండో చుట్టుకే మణికట్టు తిరుగుతుంది, కాలు పక్కకు పడుతుంది. లయ ఆటలను వెతికేటప్పుడు కూడా మనిషిని కూర్చోబెట్టి ప్రశ్నలడగడం కన్నా లేపి నిలబెట్టడం మేలు. "ఆ మెషిన్ ఎదుట ఎట్లా నిలబడితివో అట్లా నిలబడు. చేతులు ఏ ఎత్తులో ఉండె? కాళ్ళు కదిలెనా? చేతిలో ఏమైనా ఉండెనా?" ఇక్కడ వచ్చే జవాబు మాటల్లో వచ్చే జవాబు కన్నా నమ్మదగింది.

చేతి తీరును బట్టి జల్లెడ

చాలా లయ ఆటల్లో తెర మీది పని ఒక్కటే. గుర్తులు ఒక గీత వైపు కదులుతూ వస్తాయి, గీతను తాకే క్షణానికి మనం ఏదో చేయాలి. ఆ "ఏదో"లోనే ఆటలు విడిపోతాయి. దీన్ని పట్టుకుంటే వెతుకులాట చాలా తొందరగా తగ్గుతుంది.

బీట్‌మేనియాలో ఐదు మీటలు, పక్కన తిప్పే పళ్ళెం. గుర్తులు పైనుంచి కిందికి రాలుతాయి. పాప్న్ మ్యూజిక్‌లో అరచేతితో కొట్టదగ్గ రంగు రంగుల పెద్ద బటన్లు తొమ్మిది, రెండు వరసల్లో. డాన్స్ డాన్స్ రెవల్యూషన్‌లో కాలి కింద నాలుగు బాణాలు, ముందు వెనక, కుడి ఎడమ. తెర మీద గుర్తులు కిందినుంచి పైకి ఎక్కుతాయి. కొరియా కంపెనీ ఆండమిరో 1999లో తెచ్చిన 'పంప్ ఇట్ అప్'లో ఐదు పలకలు, నాలుగు మూలల్లో నాలుగు, నడుమ ఒకటి. అదే ఏడు కొరియాలోనే వచ్చిన 'ఈజీ టు డీజే'లో మీటలు, పళ్ళెంతో పాటు కాలి పెడల్ కూడా ఉంటుంది. గిటార్ ఫ్రీక్స్‌లో గిటార్ మెడ మీద మూడు బటన్లు. నామ్కో 2001లో విడుదల చేసిన 'తైకో నో తత్సుజిన్'లో పెద్ద డోలు, రెండు కర్రలు. గుర్తులు కుడినుంచి ఎడమకు వస్తాయి, ఎర్రది వస్తే నడిమి తోలు మీద, నీలిది వస్తే అంచు మీద కొట్టాలి. 2008 నాటి 'జూబీట్'లో నాలుగేసి చొప్పున నాలుగు వరసల్లో పదహారు చదరపు బటన్లు, వాటి కిందే తెర.

ఇప్పుడు మన అన్నదమ్ముల సంగతి చూద్దాం. "గాల్లో చేతులు ఊపుతా ఉంటిమి, బటన్లు లేవు." ఈ ఒక్క మాటతో పై జాబితా మొత్తం పక్కకు పోతుంది. మిగిలే గుంపు చిన్నది. సెగా 1999లో తెచ్చిన 'సాంబా డి అమీగో' ఉంది, అందులో రెండు చేతుల్లో మరాకస్ గిలకలు పట్టుకుని పైన, నడుమ, కింద ఆడించాలి. 2000లో కొనామి తెచ్చిన 'పారాపారా పారడైస్' ఉంది, అందులో వేదిక మీద నిలబడితే చుట్టూ ఐదు దిక్కుల్లో సెన్సార్లు చేతి కదలికను పట్టుకుంటాయి. అదే కంపెనీ అదే ఏడు తెచ్చిన 'డాన్స్ మేనియాక్స్' ఉంది, అందులో మనిషి ఎదుట కుడి ఎడమల్లో సెన్సార్లుంటాయి, వాటికి పైనో కిందో చెయ్యి ఆడించాలి.

ఈ మూడింటినీ విడదీయడానికి రెండు ప్రశ్నలు చాలు. చేతిలో ఏమైనా ఉండిందా? ఉంటే సాంబా. లేకపోతే, చేతులు పక్కలకు, మూలలకు చాచారా, లేక ఎదుట ఒక ఎత్తుకు పైనా కిందా ఆడించారా? చాచితే పారాపారా. ఎదుటే ఆడిస్తే డాన్స్ మేనియాక్స్.

సెన్సార్ పని చేసే తీరు కూడా గుర్తుపట్టడానికి సాయపడుతుంది. పారాపారా, డాన్స్ మేనియాక్స్ ఆటల్లో కంటికి కనిపించని పరారుణ కాంతి వాడతారు. చెయ్యి అడ్డం వచ్చిన క్షణాన్ని యంత్రం దెబ్బగా లెక్కిస్తుంది. బటన్ నొక్కితే వేలికి ఆనుతుంది, ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. గాలిలో ఆ ఆనవాలు ఉండదు, చెయ్యి ఆలస్యంగా వెనక్కి తీస్తే తర్వాతి దెబ్బ తప్పుతుంది. "కొట్టినా కొట్టినట్టు ఉండదు, ఊరికే తప్పులు పడతా ఉండె" అని ఎవరైనా అంటే, అది సెన్సార్ ఆట అనడానికి మంచి సాక్ష్యం.

పాటను కొలవడం

"పాట శానా జోరుగా పోతుండె" అన్నది మామూలు మాటలా వినిపిస్తుంది. దాన్ని అంకెగా మార్చవచ్చు. 1996లో డేనియల్ లెవిటిన్, పెరీ కుక్ ఒక అధ్యయనం ప్రచురించారు. 46 మందిని తమకిష్టమైన పాటను గుర్తున్నట్టు పాడమన్నారు. అప్పుడు ఏ పాటా వినిపించలేదు, తాళం వేసి చూపించలేదు. ఆ పాడిన వాటిలో 72 శాతం, అసలు రికార్డు వేగానికి 8 శాతం తేడా లోపే పడ్డాయి. సంగీతం నేర్వని మనిషి తలలో కూడా పాట వేగం ఇంత కచ్చితంగా నిలుస్తుంది.

కాబట్టి అన్నను బల్ల మీద దరువు వేయమని, 15 సెకన్లలో ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టి నాలుగుతో గుణించాలి. 38 పడితే నిమిషానికి 152. అటూ ఇటూ 8 శాతం వదిలితే 140 నుంచి 164 మధ్య. పారాపారా నాట్యానికి వాడే యూరోబీట్ పాటలు ఈ వేగంలోనే పరిగెడతాయి. 90 దగ్గర తేలితే హిప్‌హాప్ వైపు చూడాలి.

రాగం ముక్క గుర్తుంటే ఇంకా మంచిది. 1975లో డెనిస్ పార్సన్స్ అనే ఆంగ్లేయుడు వేలాది రాగ ఖండికలతో ఒక నిఘంటువు అచ్చువేశాడు. స్వరాల పేర్లు తెలియనక్కరలేదు. ఒక్కో స్వరం ముందుదాని కన్నా పైకి పోయిందా, కిందికి దిగిందా, అక్కడే నిలిచిందా అన్నది రాసుకుంటే చాలు. పది పన్నెండు స్వరాలకు ఈ మూడు గుర్తుల వరస రాస్తే, ఎక్కువ రాగాలు ఒకదాన్నుంచి ఒకటి విడిపోతాయి. శ్రుతి తప్పి పాడినా ఎత్తుపల్లాలు అలాగే ఉంటాయి కాబట్టి లెక్క చెడదు. 1995లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో కూనిరాగం విని పాట వెతికే కంప్యూటర్ పద్ధతికి పునాది వేసినవాళ్ళు కూడా ఈ ఎత్తుపల్లాల వరసనే వాడుకున్నారు. 2002లో బ్రిటన్‌లో మొదలైన షజామ్ దారి వేరు. అది రికార్డు ధ్వనిలోని బలమైన బిందువులను పోల్చి చూస్తుంది, అందుకే స్పీకర్‌లోంచి వచ్చే అసలు పాట కావాలి. తలలో మిగిలిన రాగానికి పార్సన్స్ లాంటి పద్ధతి పనికొస్తుంది.

ఏ ఏటి మాట

లయ ఆటలు 1997 నుంచి వరదలా వచ్చాయి, ఒక్కో యంత్రం ఆటగదిలో నిలిచిన కాలం తక్కువ. కాబట్టి ఏడు తేలితే సగం పని అయినట్టే. "ఏ సంవత్సరం?" అని అడిగితే మనసు దగ్గరి వాటిని దూరంగా, దూరపు వాటిని దగ్గరగా జరుపుతుంది. అందరికీ తెలిసిన గుర్తు ఒకటి పాతి, దానికి ముందా వెనకా అని అడిగితే ఆ తప్పు తగ్గుతుంది.

మండికల్, బాగేపల్లి, చింతామణి వైపు వాళ్ళకు అలాంటి గుర్తులు దండిగా ఉన్నాయి. "మనం కోలారు జిల్లాలో ఉండినప్పుడా, చిక్కబళ్ళాపురం జిల్లా అయినాకనా?" అంటే 2007 గీత గీసినట్టు. "బెంగళూరు పోయే బస్సులో నుంచి దేవనహళ్ళి దగ్గర విమానాలు దిగుతుండెనా?" అంటే 2008 మే. "మెట్రో రైలు ఉండెనా?" అంటే 2011 అక్టోబర్. "కోరమంగల ఫోరం మాల్ తెరిచినాకనా?" అంటే 2004. నాలుగు ప్రశ్నలతో ఇరవై ఏళ్ళ పొడవు కొద్ది ఏళ్ళకు కుదించుకుపోతుంది.

వెళ్ళిన దారి తలచుకోవడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. 1975లో డంకన్ గాడెన్, అలన్ బాడ్లీ స్కాట్లాండ్ తీరంలో నీటి అడుగుకు దిగే డైవర్లకు కొన్ని మాటలు నేర్పారు. నీళ్ళలో నేర్చినవి నీళ్ళలోనే బాగా గుర్తొచ్చాయి, గట్టు మీద నేర్చినవి గట్టు మీదే. కాబట్టి ఆట గురించి అడిగే ముందు ఆనాటి బస్సు, తోడు వచ్చిన మేనమామ, ఆటగది బయట కొనిచ్చిన తిండి, లోపలి చలి, చప్పుడు, ఇవన్నీ మాట్లాడించాలి. ఆట ఆ వెనకే వస్తుంది.

జ్ఞాపకాన్ని చెడగొట్టే ప్రశ్నలు

వెతికేవాళ్ళు చేసే పెద్ద పొరపాటు ఆత్రంలో ఉంది. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ కారు ప్రమాదాల ఫిల్ములు చూపించి వేగం అడిగారు. "కార్లు తగిలినప్పుడు" అన్నప్పటి కన్నా "కార్లు గుద్దుకుని నుజ్జయినప్పుడు" అన్నప్పుడు జనం ఎక్కువ వేగం చెప్పారు. వారం తర్వాత, లేని గాజు పెంకులను చూశామన్నవాళ్ళు కూడా ఆ రెండో గుంపులోనే ఎక్కువ. ప్రశ్నలోని మాట జ్ఞాపకంలోకి దూరి కూర్చుంటుంది. "నీలం లైట్లు ఉండెను కదా?" అని ఒకసారి అడిగితే, ఆ తర్వాత నీలం లైట్లు ఎక్కడినుంచి వచ్చాయో ఎవరూ చెప్పలేరు.

ఫొటోలు చూపించడంలో కూడా ఇదే జాగ్రత్త కావాలి. 1981లో రాయ్ మాల్పాస్, పాట్రీషియా డివైన్ సాక్షుల ముందు మనుషుల వరస నిలబెట్టారు. నేరస్థుడు ఆ వరసలో లేనే లేడు. "వీళ్ళలో ఎవరు?" అన్న ధోరణిలో అడిగినప్పుడు 78 శాతం మంది ఎవరో ఒకరిని వేలెత్తి చూపారు. "ఉండకపోవచ్చు కూడా" అని ముందే చెప్పినప్పుడు అది 33 శాతానికి పడిపోయింది. కాబట్టి ఒక్క యంత్రం ఫొటో పెట్టి "ఇదేనా?" అనకూడదు. పోలికలున్న ఐదారు యంత్రాల ఫొటోలు పరచి, "నువ్వు ఆడింది వీటిలో లేకపోవచ్చు" అని చెప్పి చూపాలి. అన్నకూ తమ్ముడికీ వేరువేరుగా చూపాలి. అంతకు ముందే ఇద్దరూ తమకు గుర్తున్నది కాగితం మీద గీసి పెట్టాలి. ఇద్దరూ ఒకే యంత్రాన్ని చూపితే ఆ సాక్ష్యానికి బరువుంటుంది.

ఈ జాగ్రత్తలు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి 'పాలీబియస్' కథ ఉంది. 1981లో అమెరికాలోని పోర్ట్‌లండ్ ఆటగదుల్లో ఆడినవాళ్ళకు తలనొప్పులు, పీడకలలు తెప్పించిన యంత్రమని ప్రచారం. ఎందరో "నేను చూశాను" అన్నారు. ఇంతవరకూ ఒక్క యంత్రం గాని, ఒక్క సర్క్యూట్ బోర్డు గాని బయటపడలేదు. కథ విన్న తర్వాత పుట్టే జ్ఞాపకం కూడా అసలు జ్ఞాపకమంత గట్టిగానే అనిపిస్తుంది.

పేరు దొరికినా ఆట దొరకాలి

కొన్ని ఆటలు మరుగున పడడానికి ఆడేవాళ్ళ మతిమరుపు కారణం కాదు. టెక్సస్ కంపెనీ రాక్సర్ 2004లో తెచ్చిన 'ఇన్ ది గ్రూవ్' మీద కొనామి 2005లో దావా వేసింది. 2006లో రాజీ కుదిరి ఆట హక్కులు కొనామికే చేరాయి, ఆ ఆట ఆర్కేడ్ ప్రయాణం అక్కడితో ఆగింది. ఇక యంత్రం లోపలి సంగతి. కొనామి ఎన్నో లయ ఆటలను ప్లేస్టేషన్ మీద ఆధారపడిన 'సిస్టమ్ 573' అనే బోర్డు మీద నడిపింది. ఆట సీడీలో ఉంటుంది, దాన్ని తెరిచే తాళంచెవి వేరే క్యాట్రిడ్జ్‌లో ఉంటుంది. సీడీ గీసుకుపోయినా, క్యాట్రిడ్జ్ పోయినా పెద్ద పెట్టె ఇనప సామాను కిందికి పోతుంది.

అలా పోకుండా ఆపే పనిని ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా 1997లో మొదలుపెట్టాడు. 'మేమ్' అనే ఆ ప్రోగ్రామ్, పాత యంత్రాల చిప్పుల నుంచి తీసిన నకళ్ళను ఆధారం చేసుకుని, ఆ చిప్పులు నడిచిన తీరును కంప్యూటర్‌లో అనుకరిస్తుంది. దాని పుణ్యాన ఎన్నో ఆటలు ఇవాళ మామూలు కంప్యూటర్ మీద తెరుచుకుంటాయి.

తెరుచుకున్నా, ఆడితే "ఇది కాదు" అనిపించవచ్చు. పాత పిక్చర్ ట్యూబు తెర సెకనుకు దాదాపు 60 సార్లు బొమ్మ గీసేది, అంటే బొమ్మకు 16.7 మిల్లీసెకన్లు. సంకేతం వచ్చిన వెంటనే గీసేది. ఇప్పటి టీవీ బొమ్మను మెరుగుపరిచే పనిలో పదుల మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తుంది. మనిషి దరువు వేసేటప్పుడు దెబ్బ కోసం ఎదురుచూసి, తనకు తెలియకుండానే కొన్ని పదుల మిల్లీసెకన్లు ముందే కొడతాడు. అంత సన్నని లెక్కకు అలవాటు పడిన చెయ్యి టీవీ ఆలస్యాన్ని ఇట్టే పసిగడుతుంది. కొత్త లయ ఆటల్లో ఆ తేడా సరిచేసుకునే ఏర్పాటు ఉంటుంది. దాన్ని సరిచేశాకే ఇది అదేనో కాదో తేల్చాలి.

ఈ వెతుకులాటను నేను కాలక్షేపం కింద లెక్కకట్టను. సరిహద్దు ఊళ్ళ పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ మాట్లాడుతూ, నగరానికి పోయి జపాన్ యంత్రం మీద ఐరోపా పాటకు చేతులాడించారు. ఆ చరిత్ర ఏ రిజిస్టరులోనూ లేదు, ఆడినవాళ్ళ ఒంట్లోనే ఉంది. ఆటగదుల్లో యంత్రాలు బాగుచేసిన మెకానిక్కులకు ఏ పెట్టె ఎక్కడినుంచి వచ్చిందో, ఎక్కడికి పోయిందో తెలుసు. వాళ్ళకు వయసు పైబడుతోంది. కాబట్టి మీకూ ఇలాంటి ఆట ఒకటి గుర్తుంటే, ఎవరినీ అడగకముందే, ఏ ఫొటో చూడకముందే ఒక కాగితం తీసుకోండి. ఎలా నిలబడ్డారో గీయండి, దరువు కొట్టి వేగం రాయండి, జిల్లా మారకముందో తర్వాతో గుర్తు పెట్టండి, కింద ఇవాళ్టి తేదీ వేయండి. తోడు ఆడినవాళ్ళ చేత విడిగా ఇదే పని చేయించండి. ఆ రెండు కాగితాలు కలిసే చోటే వెతుకులాట మొదలుపెట్టండి.